ఏ పార్టీ అని అడిగే ముందు, ఏ కాగితం అని అడగండి

విశాఖలో అమెరికా రాజకీయం ఇంటి సంగతి అయిపోయి చాలా కాలమైంది. బీచ్ రోడ్డు మీద పొద్దుటి నడకలో, శివాజీ పార్కు బెంచీల మీద, ఎంవీపీ కాలనీ రైతుబజారు దగ్గర కూరలు ఏరుకుంటూ కూడా వీసాల గురించీ ట్రంప్ గురించీ మాట్లాడుకుంటున్నారు. కొడుకు డల్లాస్‌లో, కోడలు హెచ్‌-4 (హెచ్‌-1బి వాళ్ళ భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద, మనవరాలు అక్కడే పుట్టింది. వాషింగ్టన్‌లో సాయంత్రం ఎవరో నోరు తెరిస్తే మనకు తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో వాదన మొదలవుతుంది. ఆ వాదన రెండు నిమిషాల్లో రిపబ్లికన్లా, డెమోక్రాట్లా అన్న దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. అసలు జరిగిందేమిటో ఎవరూ చూడరు.

నా మాట ఒక్కటే. పార్టీ గురించి తర్వాత మాట్లాడుకుందాం, ముందు కాగితం చూడండి. అది ఏ రకం కాగితం, ఎవరు సంతకం పెట్టారు, ఏ తేదీ నుంచి అమలు, ఎవరు ఆపగలరు? ఈ నాలుగూ తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగానికి ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది.

2025 సెప్టెంబరు 19 సంగతే తీసుకోండి. శుక్రవారం సాయంత్రం ట్రంప్ హెచ్‌-1బి ఉద్యోగ వీసా గురించి ఒక ప్రొక్లమేషన్ (అధ్యక్షుడి అధికారిక ప్రకటన) మీద సంతకం పెట్టారు. కట్టాల్సింది లక్ష డాలర్లు. పక్కనే నిలబడ్డ వాణిజ్య మంత్రి హోవర్డ్ లట్నిక్ అది ఏటా కట్టాలన్నట్టు చెప్పారు. ఇక్కడ శనివారం పొద్దున్నకల్లా సెలవు మీద ఇంటికి వచ్చిన పిల్లలు తిరుగు టికెట్ల కోసం పరుగులు పెట్టారు. అమలు సమయం అమెరికా తూర్పు తీరం గడియారంలో సెప్టెంబరు 21 అర్ధరాత్రి దాటి ఒక నిమిషం, అంటే మనకు ఆదివారం ఉదయం 9.31. మరునాడే వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ కరొలైన్ లెవిట్ ఇది ఒక్కసారి కట్టేది, కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు వర్తించదు అన్నారు. ఇమ్మిగ్రేషన్ శాఖ మెమో కూడా అదే రోజు వచ్చింది. ప్రొక్లమేషన్ పాఠం తెరిచి చూస్తే డబ్బు ఏటా కట్టాలన్న మాట ఎక్కడా లేదు. 12 నెలల గడువు మాత్రం ఉంది, పొడిగించకపోతే అక్కడితో సరి. పాఠంలో అస్పష్టత ఉన్న మాట నిజమే. దేశం బయట ఉన్న పాత వీసాదారుల సంగతి అందులో తేటగా రాయలేదు, అందుకే మెమో అవసరమైంది. మంత్రి నోటి మాటకూ, సంతకమైన పాఠానికీ, దాన్ని అమలు చేసే శాఖ రాసిన మెమోకూ మధ్య ఎంత తేడా ఉండొచ్చో ఆ ఒక్క శనివారం చూపించింది.

ఈ తేడా విశాఖవాళ్ళకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. రైల్వే జోన్ 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు, దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. ఉక్కు ఫ్యాక్టరీ విషయంలో 2021 జనవరి 27న వచ్చిన మాట ‘సూత్రప్రాయ ఆమోదం’. ఆ రెండు పదాల అర్థమేమిటో, వాటి తర్వాత ఇంకా ఎన్ని మెట్లున్నాయో గాజువాకలో ఆటో నడిపేవాళ్ళు కూడా చెప్పగలరు. అదే చూపుతో అమెరికా వైపు చూడమనే నేను అడిగేది.

అక్కడి కాగితాలనూ బలాన్ని బట్టి మెట్లుగా పేర్చుకోవచ్చు. అన్నిటికంటే కింద ఉండేది మాట: ప్రసంగం, సోషల్ మీడియా పోస్టు, టీవీ ఇంటర్వ్యూ. దానికి చట్టబలం లేదు. దాని పైన శాఖ మార్గదర్శకం. దీన్ని తక్కువ అంచనా వేయకండి, ఎందుకంటే ఎవరినీ అడక్కుండా రాత్రికి రాత్రి మారేది ఇదే. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలు చూస్తామని విదేశాంగ శాఖ చెప్పింది. హైదరాబాద్ కాన్సులేట్‌లో డిసెంబరు ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. దానికి కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఓటు లేదు, ముసాయిదా లేదు, అభిప్రాయ సేకరణ లేదు.

దాని పైన అధ్యక్షుడి ఎగ్జిక్యూటివ్ ఆర్డర్లు, ప్రొక్లమేషన్లు. ఇవి మన గెజిట్ లాంటి ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చవుతాయి. ఇవి కొత్త చట్టం చేయలేవు, ఉన్న చట్టం ఇచ్చిన అధికారాన్ని వాడుకుంటాయి. అందుకే చదివేటప్పుడు మొదటి పేరాలోనే ‘ఏ సెక్షన్ కింద’ అని వెతకాలి. హెచ్‌-1బి ప్రొక్లమేషన్ ప్రధానంగా ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 212(ఎఫ్) మీద నిలబడింది. విదేశీయుల ప్రవేశాన్ని ఆపే అధికారం అది. కోర్టులో వాదన జరిగేది కూడా ఆ సెక్షన్ లక్ష డాలర్లు వసూలు చేసేంత దూరం వెళ్తుందా అన్న దాని మీదే.

పుట్టుకతో పౌరసత్వం ఆర్డర్ చూడండి. నంబరు 14160, 2025 జనవరి 20. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, ఫిబ్రవరి 19 తర్వాత పుట్టిన బిడ్డకు పౌరసత్వ పత్రాలు ఇవ్వొద్దన్నది దాని సారాంశం. అంటే హెచ్‌-1బి, హెచ్‌-4, ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) జంటలకు సూటిగా తగిలేది. మూడు రోజుల్లో, జనవరి 23న సియాటిల్‌లో న్యాయమూర్తి జాన్ కొగెనౌర్ దాన్ని ఆపారు. ఆయన్ని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్. జూన్ 27న సుప్రీంకోర్టు 6–3తో ఒక కింది కోర్టు న్యాయమూర్తి దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వు ఇవ్వడాన్ని పరిమితం చేసింది. మన గ్రూపుల్లో దాన్ని ‘ఆర్డర్ నెగ్గింది’ అని చదివారు. ఆ తీర్పు ఆర్డర్ రాజ్యాంగబద్ధమా కాదా అన్న ప్రశ్న జోలికే వెళ్ళలేదు. రెండు వారాల్లో, జులై 10న న్యూహాంప్‌షైర్‌లో జోసెఫ్ లాప్లాంట్ అనే న్యాయమూర్తి ఆ పిల్లలందరినీ ఒక వర్గంగా గుర్తించి మళ్ళీ ఆపారు. ఆయన జార్జ్ డబ్ల్యూ. బుష్ నియమించిన మనిషి. తీర్పు చదివేటప్పుడు కోర్టు ఏ ప్రశ్నకు జవాబిచ్చిందో ముందు చూడాలి. న్యాయమూర్తిని ఎవరు నియమించారన్నది దాని తర్వాతి సంగతి, చాలాసార్లు అది మీకు ఏమీ చెప్పదు కూడా.

ఇక నియమాలు. నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచేవి ఇవే, మన వాళ్ళు అతి తక్కువగా చదివేవీ ఇవే. 1946 నాటి అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్ ప్రకారం, కొన్ని మినహాయింపులు పోగా, శాఖ ముందుగా ముసాయిదా అచ్చేయాలి, జనం అభిప్రాయం తీసుకోవాలి, ముఖ్యమైన అభ్యంతరాలకు జవాబు రాయాలి, ఆ తర్వాతే తుది నియమం. వీసాలకు మించి పేర్లు వస్తే తీసే హెచ్‌-1బి లాటరీలో జీతం స్థాయిని బట్టి అవకాశాలు పెంచే నియమం ఇలాగే వచ్చింది. 2025 సెప్టెంబరు 24న ముసాయిదా, 30 రోజుల గడువు, డిసెంబరు 29న తుది నియమం, 2026 ఫిబ్రవరి 27 నుంచి అమలు. నాలుగో స్థాయి జీతమైతే పేరు నాలుగుసార్లు లాటరీలో పడుతుంది, మూడో స్థాయికి మూడు, రెండుకు రెండు, మొదటి స్థాయికి ఒక్కటే. ద్వారకానగర్ కన్సల్టెన్సీల్లో సీటు కోసం సంతకం పెట్టేముందు చూసుకోవాల్సిన లెక్క ఇది. చదువు అయిపోగానే వచ్చే ఉద్యోగం ఎక్కువగా మొదటి, రెండో స్థాయిలోనే ఉంటుంది. స్థాయి అంటే డాలర్ల అంకె ఒక్కటే చూసి చెప్పేది కాదని గుర్తుపెట్టుకోవాలి. అదే వృత్తిలో, అదే ప్రాంతంలో మిగతావాళ్ళ జీతాలతో పోల్చి లేబర్ శాఖ కట్టిన మెట్టు అది. న్యూయార్క్‌లో రెండో స్థాయి అయిన జీతం చిన్న ఊళ్ళో మూడో స్థాయి కావచ్చు.

ముసాయిదా దశలో ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు. అమెరికా పౌరుడై ఉండాలన్న షరతు లేదు, సీతమ్మధారలో కూర్చుని కూడా రాయొచ్చు. రెగ్యులేషన్స్ డాట్ గవ్‌లో డాకెట్ నంబరు (ఆ ముసాయిదా ఫైలు నంబరు) కొడితే పేజీ వస్తుంది. గడువు తూర్పు తీరం కాలమానంలో రాత్రి 11.59. మన గడియారంలో అది మరునాడు ఉదయం 9.29, నవంబరు నుంచి మార్చి దాకా అయితే 10.29. చాలామంది చేసే పొరపాటు ఒకే ఉత్తరాన్ని వెయ్యిమంది కాపీ చేసి పంపడం. శాఖ వెయ్యి ఉత్తరాలనూ ఒకే వాదనగా చూసి ఒకే జవాబు రాస్తుంది. ఫలానా పేరాలో ఫలానా లెక్క ఎందుకు తప్పో, మా సంస్థలో ఇలా జరుగుతుంది అని ఒక్కరు రాసినా దానికి విడిగా జవాబు ఇవ్వాల్సి వస్తుంది. ఇవ్వకపోతే రేపు కోర్టులో ఆ నియమం అక్కడే విరిగే అవకాశం ఉంది. రెండో పొరపాటు పాస్‌పోర్టు నంబరు, రసీదు నంబరు రాసేయడం. ఆ పేజీ ప్రపంచమంతా చూస్తుంది.

ముసాయిదా కూడా పుట్టని దశ ఒకటుంది, దాన్నీ గుర్తుపట్టాలి. హెచ్‌-4 వాళ్ళ ఉద్యోగ అనుమతి 2015 మే 26న నియమంగా అమల్లోకి వచ్చింది. 2017 చివర్లో ట్రంప్ ప్రభుత్వం దాన్ని రద్దు చేయాలని తన నియమాల అజెండాలో రాసుకుంది. అజెండా అంటే చేయాలనుకుంటున్న పనుల జాబితా. ‘హెచ్‌-4 ఉద్యోగాలు పోయాయి’ అన్న వార్త ఆ మూడేళ్ళూ ఆరు నెలలకోసారి తిరిగింది. పెళ్ళిచూపుల్లో కూడా అదే చర్చ. 2021 జనవరిలో వెనక్కి తీసుకునే నాటికి ముసాయిదా ఒక్కసారి కూడా ఫెడరల్ రిజిస్టర్‌లో అచ్చు కాలేదు.

బిల్లుల దగ్గరకు వద్దాం. రెండేళ్ళ కాలాన్ని ఒక కాంగ్రెస్‌గా లెక్కపెడతారు. ఒక్కోదానిలో పదివేలకు పైగా బిల్లులు పెడతారు, చట్టమయ్యేవి కొన్ని వందలు. అందుకే ‘బిల్లు ప్రవేశపెట్టారు’ అన్న వార్తకు బరువు చాలా తక్కువ. హెచ్‌.ఆర్. అంటే ప్రతినిధుల సభది, ఎస్. అంటే సెనేట్‌ది. కాంగ్రెస్ డాట్ గవ్‌లో ఆ నంబరు కొట్టి ‘యాక్షన్స్’ అన్న భాగం చూడండి. అందులో చివరి పంక్తి ‘కమిటీకి పంపారు’ అనే ఉంటే, ఏడాదిగా అదే ఉంటే, ఆ బిల్లు అక్కడే పడుకుంది. నంబరుతో పాటు ఎన్నో కాంగ్రెస్ అన్నదీ చూడాలి. 2025 జనవరి 3 నుంచి 2027 జనవరి 3 వరకు నడిచేది 119వది. గడువు ముగిస్తే పెండింగ్ బిల్లులన్నీ చచ్చిపోతాయి, మళ్ళీ మొదటి నుంచి మొదలు.

గ్రీన్‌కార్డులో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితి మన ఇళ్ళలో ఎంతమంది జీవితాలను పట్టి ఉంచిందో చెప్పక్కర్లేదు. ఏటా ఉద్యోగ కోటా 1,40,000, అందులో భార్యాపిల్లలు కూడా కలిసే. దీన్ని ఎత్తేయడానికి హెచ్‌.ఆర్. 1044 అనే బిల్లు 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365–65తో గెలిచింది. రెండు పార్టీల వాళ్ళూ ఓటేశారు. సెనేట్‌లో దాని జంట బిల్లు ఎస్. 386 పెట్టింది యూటా రిపబ్లికన్ మైక్ లీ, పక్కన నిలబడింది డెమోక్రాట్ కమలా హారిస్. ‘ఏకగ్రీవంగా ఆమోదిద్దాం’ అని లీ అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేచి అభ్యంతరం చెప్పారు. ఆ పద్ధతిలో ఒక్క సెనేటర్ కాదన్నా చాలు. ఒకసారి అడ్డుపడింది ఇల్లినాయ్ డెమోక్రాట్ డిక్ డర్బిన్, ఇంకోసారి ఫ్లోరిడా రిపబ్లికన్ రిక్ స్కాట్. చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్ ఆమోదించింది, కానీ మార్పులతో. రెండు సభల పాఠాలు ఒకటి కాలేదు. 2021 జనవరి 3న కాంగ్రెస్ గడువు తీరి బిల్లు పోయింది. రెండు సభలూ ఆమోదించినా చట్టం కాలేదు. ఇందులో ఏ పార్టీని తిడతారు? అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ నెల రోజుల్లో రెండు పాఠాలను కలపడానికి ఎవరు పూనుకున్నారు, ఎవరు పక్కన పెట్టారు?

మనం ఎక్కువగా తడబడేది పార్టీ క్రమశిక్షణ దగ్గర. మనకు 1985 నుంచి పదో షెడ్యూలు ఉంది. విప్ ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు. అమెరికాలో అలాంటి చట్టం లేదు. విప్ అనే పదవి ఉంది కానీ, ఆ మనిషి తలలు లెక్కపెట్టి నచ్చజెప్పగలడు, అంతే. 2017 జులై 28న ఒబామాకేర్ (ఒబామా నాటి ఆరోగ్య బీమా చట్టం) రద్దు బిల్లు 49–51తో ఓడిపోయింది. ఓడించిన ముగ్గురు రిపబ్లికన్లలో జాన్ మెకెయిన్ ఒకరు, ఆయన సీటుకు ఏమీ కాలేదు. 2023 అక్టోబరు 3న స్పీకర్ మెకార్తీని దించింది సొంత పార్టీలోని ఎనిమిది మంది, డెమోక్రాట్లతో కలిసి. వాళ్ళను నిజంగా భయపెట్టేది ప్రైమరీ ఎన్నిక. సొంత పార్టీ ఓటర్ల ముందే టికెట్ కోసం పోటీపడి గెలవాలి. కాబట్టి ‘పార్టీ ఇలా నిర్ణయించింది’ అని అక్కడ గుత్తగా అనుకోకూడదు. ప్రతి సభ్యుడి ఓటూ పేరుతో సహా రికార్డయ్యే రోల్ కాల్ చూడాలి. ప్రతినిధుల సభ ఓట్లు క్లర్క్ వెబ్‌సైట్‌లో, సెనేట్‌వి సెనేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. నోటి మాటగా జరిగిన వాయిస్ ఓటుకు, ఏకగ్రీవానికి మాత్రం పేర్లుండవు. ఇబ్బందికరమైన విషయాలు ఎక్కువగా ఆ దారిన వెళ్ళిపోవడం నాకు బాధ కలిగించే సంగతి.

సభాపతి ఒక బిల్లును ఓటుకు రానివ్వకపోతే దాన్ని బలవంతంగా బయటకు లాగే సాధనం డిశ్చార్జ్ పిటిషన్. 218 సంతకాలు కావాలి. అరుదుగా పూర్తవుతుంది. లైంగిక నేరాల కేసులో ఇరుక్కున్న జెఫ్రీ ఎప్‌స్టీన్ ఫైళ్ళు బయటపెట్టమనే బిల్లుకు 2025 నవంబరు 12న అది పూర్తయింది. మొదలుపెట్టింది కెంటకీ రిపబ్లికన్ థామస్ మాసీ, కాలిఫోర్నియా డెమోక్రాట్ రో ఖన్నా. 214 మంది డెమోక్రాట్లకు నలుగురు రిపబ్లికన్లు తోడయ్యారు. 18న సభలో ఓటింగ్ 427–1. సెనేట్ ఏకగ్రీవం. 19న అధ్యక్షుడి సంతకం. నెలల తరబడి ఓటుకే రాని బిల్లు, వచ్చాక ఒకే ఒక్కరు వ్యతిరేకించారు. ఆ అంకెల్లో చదవాల్సింది చాలా ఉంది. బిల్లుకు మద్దతు లేక ఆగిందా, మద్దతు బయటపడకుండా ఆపారా అన్నది సంతకాల జాబితా చూస్తే తెలిసిపోతుంది. ఆ జాబితా సంతకం పడిన రోజు నుంచే బహిరంగం.

సెనేట్‌లో 100 మంది. చర్చ ముగించి ఓటుకు వెళ్ళాలంటే మామూలుగా 60 మంది ఒప్పుకోవాలి. 53 మంది ఉన్న పార్టీ కూడా ఒంటరిగా బడ్జెట్ కేటాయింపులు గట్టెక్కించలేకపోవడానికి కారణం ఇదే. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు ప్రభుత్వం మూతపడింది, అంతకుముందు రికార్డు 35 రోజులు. మూతపడినప్పుడు ఇక్కడి తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న వీసా ఇంటర్వ్యూ ఉంటుందా అని. ఫీజులతో నడిచేవి సాధారణంగా ఆగవు, కాన్సులేట్ వీసా పని, ఇమ్మిగ్రేషన్ శాఖ పని ఆ కోవలోవి. ఆగేది లేబర్ శాఖ. హెచ్‌-1బి దరఖాస్తుకు ముందు ఆ శాఖ లేబర్ కండిషన్ అప్లికేషన్ ఆమోదించాలి. అది ఆగితే ఉద్యోగం మారాలనుకున్నవాళ్ళు ఇరుక్కుపోతారు. ఇమ్మిగ్రేషన్ శాఖ తెరిచే ఉందన్న మాటతో తృప్తిపడితే మోసపోతాం.

60 అక్కర్లేని దారి ఒకటుంది, పేరు రికన్సిలియేషన్. పన్నులు, ఖర్చులకు సంబంధించిన వాటికి మామూలు మెజారిటీ చాలు. 2025 జులై 4న సంతకమైన హెచ్‌.ఆర్. 1 అలాగే వచ్చింది. సెనేట్‌లో 50–50 అయితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో తేలింది. సభలో 218–214. మనకు డబ్బు పంపడం మీద పన్ను అందులోదే. మొదట ప్రతినిధుల సభ కమిటీలో 5 శాతం అన్నారు, సభ దాటేనాటికి 3.5 అయింది, సెనేట్ 1 శాతానికి దించింది. సెనేట్ పాఠంలో ఇంకో మార్పు ఉంది. పంపేవాడు పౌరుడా కాదా అన్న తేడా తీసేసి, డబ్బు ఏ రూపంలో ఇచ్చారన్నది చూశారు. నోట్లు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ ఇచ్చి పంపిస్తేనే పన్ను. 2026 జనవరి 1 నుంచి అమలు. వెయ్యి డాలర్లు నగదుగా ఇస్తే పది డాలర్లు. అమెరికా బ్యాంకు ఖాతా నుంచో, అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డు నుంచో పంపితే ఏమీ లేదు. మొదటి దశలో చదివిన 5 శాతం అంకె మాత్రం మన ఫార్వర్డ్‌ల్లో ఇంకా బతికే ఉంది. బిల్లు వార్త చదివినప్పుడు పక్కన తేదీ, ఏ సభ పాఠమో రాసుకునే అలవాటు ఉంటే ఈ తంటా రాదు.

జవాబుదారీ చేసే సంస్థల్లో నేను అందరికంటే ఎక్కువ నమ్మేది జీఏవోను, గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసును. 1921లో పుట్టింది, మన కాగ్‌కు దగ్గర. అధిపతి పదవీకాలం 15 ఏళ్ళు, పనిచేసేది కాంగ్రెస్‌కు. 1974 చట్టం ప్రకారం కాంగ్రెస్ కేటాయించిన డబ్బును అధ్యక్షుడు తన ఇష్టానికి ఆపేయకూడదు, ఆపితే తప్పా ఒప్పా అని తేల్చి చెప్పేది జీఏవో. 2020 జనవరిలో ఉక్రెయిన్ సైనిక సాయం ఆపడం చట్ట ఉల్లంఘన అంది. 2021 జూన్‌లో బైడెన్ సరిహద్దు గోడ డబ్బు ఆపినప్పుడు ఉల్లంఘన కాదంది. 2025 మేలో విద్యుత్ వాహనాల చార్జింగ్ నిధులు ఆపడం ఉల్లంఘన అంది. ఎవరికి నచ్చిన జవాబును వాళ్ళు పట్టుకుని తిరుగుతారు. కారణాలు చదివితే మూడింటిలోనూ ఒకే గీటురాయి కనిపిస్తుంది: ఆలస్యం పని నడపడంలో భాగమా, విధానం నచ్చక పట్టి ఉంచారా. జీఏవో నివేదిక చదివేవాళ్ళు సారాంశంతో ఆగిపోకూడదు. కింద సిఫార్సుల పట్టిక ఉంటుంది, ప్రతి దాని పక్కనా అమలైందా, ఇంకా తెరిచే ఉందా అని రాస్తారు. ఏళ్ళ తరబడి తెరిచే ఉన్న సిఫార్సు పత్రికల్లో రాదు, మీరే చూడాలి.

ప్రతి పెద్ద శాఖలోనూ ఇన్‌స్పెక్టర్ జనరల్ అని ఒక తనిఖీ అధికారి ఉంటారు, 1978 చట్టం పెట్టిన పదవి. వాళ్ళను తీసేయాలంటే 30 రోజుల ముందు కాంగ్రెస్‌కు వివరమైన కారణం చెప్పాలి. 2025 జనవరి 24 రాత్రి సుమారు 17 మందిని అలాంటిదేమీ లేకుండా తొలగించారు. కారణం చెప్పమని అధ్యక్షుడికి లేఖ రాసిన ఇద్దరిలో ఒకరు రిపబ్లికన్ చక్ గ్రాస్లీ, రెండోవారు డర్బిన్. సెప్టెంబరులో కోర్టు అది చట్టవిరుద్ధమే అంది, అయినా తిరిగి కూర్చోబెట్టలేదు. చట్టం ఉండడం, ఉల్లంఘన రుజువు కావడం, దానికి విరుగుడు దొరకడం మూడూ వేర్వేరు మెట్లు. మూడో మెట్టు దగ్గర ఎంత పెద్ద వ్యవస్థ అయినా జారిపోతుందని నాకు భయంగానే ఉంది.

అక్కడున్న పిల్లలకు తప్పకుండా చెప్పాల్సినవి రెండున్నాయి. పౌరులూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళూ తప్ప ఎవరూ ఏ స్థాయి ఎన్నికకూ చందా ఇవ్వకూడదు. స్కూల్ బోర్డు ఎన్నిక అయినా సరే. హెచ్‌-1బి, ఎఫ్‌-1 వాళ్ళు ఇవ్వకూడదు, విశాఖ నుంచి తండ్రి పంపిన డబ్బును ఇంకొకరి పేరుతో ఇవ్వడం అంతకంటే నేరం. తెలుగువాడు పోటీ చేస్తున్నాడన్న అభిమానంతో విందు టికెట్ కొంటారు. ఆ టికెట్ ధర చట్టం దృష్టిలో చందాయే. 200 డాలర్లు దాటిన చందాదారు పేరు, ఊరు, ఉద్యోగం ఎన్నికల కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. జీతం తీసుకోకుండా ప్రచారంలో సాయం చేయొచ్చు. రెండోది ఓటు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులోనే ఓటరుగా నమోదు చేయమంటారా అన్న గడి ఉంటుంది, 1993 చట్టం వల్ల. అలవాటుగా టిక్కు పెట్టేస్తారు. పౌరుడినని తప్పుగా చెప్పుకున్నట్టు తేలితే గ్రీన్‌కార్డు దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు. గుమాస్తా పొరపాటున పెట్టినా సంతకం మనదే కాబట్టి, పూర్తయిన ఫారం మొత్తం చదివాకే సంతకం.

ఇక సమాచార హక్కు. మన చట్టం 2005 నాటిది, పౌరులకే, 10 రూపాయలు, 30 రోజులు. అమెరికాలో అలాంటిదే అయిన సమాచార స్వేచ్ఛ చట్టం, ఫోయా, 1966లో సంతకమైంది. అడిగేవాడు ‘ఎవరైనా’ కావచ్చు, కొన్ని గూఢచార సంస్థలు విదేశీ ప్రభుత్వాలకు ఇవ్వవన్నది ఒక్కటే చెప్పుకోదగ్గ తేడా. కాబట్టి మద్దిలపాలెం నుంచి కూడా దరఖాస్తు పెట్టొచ్చు. దరఖాస్తు రుసుము లేదు, మామూలు మనిషికి రెండు గంటల వెతుకులాట, 100 పేజీలు ఉచితం. జవాబుకు 20 పనిదినాలు. మన చట్టం పార్లమెంటుకూ కోర్టులకూ వర్తిస్తుంది, ఫోయా కాంగ్రెస్‌కూ కోర్టులకూ వర్తించదు. రాష్ట్రాల చట్టాలు వేరు. వర్జీనియాలో అడగాలంటే వర్జీనియా వాసి అయి ఉండాలి, అది సరేనని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది.

దరఖాస్తులు ఎక్కువగా విఫలమయ్యేది ప్రశ్నలు వేయడం వల్ల. ‘ఎందుకు ఆలస్యం చేశారు’ అని రాస్తే తిరిగి వస్తుంది. ఫలానా కార్యాలయంలో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా విషయం మీద ఉన్న మెమోలు, ఈమెయిళ్ళు అని అడగాలి. ఇంతకు మించి ఖర్చయితే ముందు చెప్పండి అని ఒక అంకె వేయాలి. అడిగే ముందు ఆ శాఖ ఫోయా రీడింగ్ రూమ్ వెతకండి, సగం కాగితాలు అక్కడే ఉంటాయి. నల్లగీతలు కొట్టి పంపితే పక్కన మినహాయింపు అంకె ఉంటుంది. మొత్తం తొమ్మిది. ఐదు అంటే శాఖలో అంతర్గత చర్చ, ఆరు వ్యక్తిగత గోప్యత, ఏడు దర్యాప్తు. అప్పీలుకు 90 రోజులు. ఐదో అంకెకు వేసిన అప్పీలు వృథా అనుకోకండి. చర్చను దాచొచ్చు కానీ అందులో ఉన్న వాస్తవాలను విడదీసి ఇవ్వాలి, ఆ మాట అప్పీలులో స్పష్టంగా రాయాలి.

సొంత కేసు ఆగిపోతే ఇంకో దారి ఉంది. అక్కడ నివాసం ఉన్న నియోజకవర్గపు ప్రతినిధి కార్యాలయంలో కేస్‌వర్క్ అని ఒక విభాగం ఉంటుంది. ఓటు హక్కు లేని నివాసికి కూడా చాలా కార్యాలయాలు సాయపడతాయి, ఆ ప్రతినిధి ఏ పార్టీ అయినా సరే. శాఖకు విచారణ పంపి జవాబు రాబడతారు, నిర్ణయం మార్చమని ఆదేశించలేరు. ముందు ప్రైవసీ రిలీజ్ అనే ఫారం కావాలి, రసీదు నంబరుతో. ఒకేసారి ప్రతినిధికీ ఇద్దరు సెనేటర్లకూ రాస్తే ఒకరికొకరు అడ్డం వచ్చి ఇంకా ఆలస్యమవుతుంది, ఒక్కరినే ఎంచుకోండి. ఫారం మీద సంతకం దరఖాస్తుదారుదే ఉండాలి. ఇక్కడి నుంచి అమ్మానాన్నలు రాసిన ఉత్తరం ఎంత వేదనతో ఉన్నా, ఆ సంతకం లేకపోతే ఫైలు తెరవరు.